బోట్లు ఒడ్డునుంటే లోన్లన్నీ స్టేజ్ 2 అట!

జూన్ క్లోజింగ్ (మూడు నెలల లెక్కలు ముగించడం) వచ్చిందంటే నాకు బీపీ పెరిగిపోద్ది. కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటేనే చదవండి.

వైజాగ్‌లో ఓ ఎన్‌బీఎఫ్‌సీలో అకౌంట్స్ చూస్తా నేను. ఫిషింగ్ హార్బర్ బోట్ల లోన్లు బానే ఉన్నాయి మా దగ్గర. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఇక్కడ చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. మే 5 కిస్తీ ఆగుద్ది, జూన్ 5దీ ఆగుద్ది, మళ్ళీ బోటు వేటకెళ్ళి రెండు ట్రిప్పులు కొట్టొచ్చాక జులైలో రెండూ కలిపి కట్టేస్తారు, ఏటా ఇదే వరస. కానీ జూన్ 30న సిస్టమ్‌లో 56 రోజుల ఓవర్‌డ్యూ కనిపిస్తది, 30 దాటింది కదా, టక్కున స్టేజ్ 2, అంటే రిస్కు బాగా పెరిగిన లోన్ల గుంపులోకి! ఇక వచ్చే 12 నెలల లెక్క చాలదు, లోన్ తీరేదాకా ఎప్పుడు ఎగ్గొట్టినా పోయేదంతా అంచనా వేసి పక్కన పెట్టాలి. మాటవరసకి 10 లక్షల లోను, 12 నెలల్లో ఎగ్గొట్టే ఛాన్స్ 4 శాతం, ఎగ్గొడితే సగం పోద్ది అనుకుంటే ప్రొవిజన్, అంటే పక్కన పెట్టేది, 20 వేలు. అదే స్టేజ్ 2లో ఛాన్స్ 15 శాతం అన్నారనుకోండి, 75 వేలు. బోటు అదే, ఓనరూ అతనే!

రూల్‌ని తిట్టట్లేదండోయ్. నష్టం కళ్ళబడేదాకా ఆగే పాత పద్ధతి 2008లో ఎలా కొంప ముంచిందో చూశాం, ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ రూల్ వచ్చిందే అందుకు. దాని మన దేశపు రూపం ఇండ్ ఏఎస్ 109లో కూడా 30 రోజులన్నది రాయి మీద గీత కాదు, సరైన ఆధారం ఉంటే కాదనొచ్చు. 2020 మార్చిలో ఆర్‌బీఐ కూడా అదే చెప్పింది, కారణం రాసిపెట్టండి, ఆడిట్ కమిటీకి చూపించండి, 60 రోజులు మాత్రం దాటనివ్వొద్దు అని. మనది 56! దారి ఉంది, నడిచేవాడే లేడు. నష్టం అంచనా వేసే హెడ్డాఫీసు మోడల్‌లో జీడీపీ ఉంది, వడ్డీ రేట్లున్నాయి, వేట లేదు. ఆర్‌బీఐ 2025 అక్టోబర్ డ్రాఫ్ట్ ప్రకారం 2027 ఏప్రిల్ నుంచి బ్యాంకులకీ ఇదే లెక్కట, వాళ్ళ మోడల్‌లోనైనా సముద్రం ఉంటదో లేదో.

మొన్న ఓ ఓనర్‌కి ఫోన్ చేస్తే "ఏటి బాబూ, వలలు బాగుచేసుకుంటన్నాం, జులైలో రాకపోతే అడుగు" అన్నాడు. ఐదేళ్ళ పేమెంట్ హిస్టరీ తీసి, నోట్ రాసి పైకి పంపా. నాలుగు రోజులకి రిప్లై వచ్చింది, ఒకటే లైను: "ఈ నిషేధం ప్రతి సంవత్సరం ఉంటుందా?"