చెవి నమ్మితేనే ఎగిరినట్టు

1987 జనవరిలో కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో, అంతరిక్షంలో ఎగురుతున్న అనుభూతినిచ్చే ‘స్టార్ టూర్స్’ రైడ్ మొదలైంది. పైలట్లకు శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్ యంత్రం మీద 40 మంది కూర్చునే గదిని అమర్చి, సెలవులకు వచ్చిన కుటుంబాలను అందులో ఎక్కించారు. అప్పటి నుంచి తెరలు పెరిగాయి, బొమ్మ స్పష్టత పెరిగింది. కానీ ఎగురుతున్నామన్న నమ్మకం కుదరాల్సింది కంట్లో కాదు, చెవిలో. కొత్త టెక్నాలజీ మీద పెట్టే డబ్బు ముందుగా అక్కడికే వెళ్లాలని నా అభిప్రాయం.

మన లోపలి చెవిలో శరీరం ఎటు వాలిందో, వేగం ఎంత పెరిగిందో పసిగట్టే చిన్న సంచులు ఉంటాయి. వాటికో బలహీనత ఉంది. కుర్చీ వెనక్కి వాలడానికీ, వాహనం ముందుకు వేగం పుంజుకోవడానికీ తేడా వాటంతట అవి చెప్పలేవు. సిమ్యులేటర్ కిటుకంతా ఇక్కడే ఉంది. గదిని మెల్లగా వెనక్కి వాలుస్తారు, తెర మీద దృశ్యాన్ని మాత్రం సమంగా ఉంచుతారు. వీపు సీటుకు అదుముకోగానే మెదడు వేగం పెరిగిందనుకుంటుంది. వాలు కాస్త తొందరపడినా, బొమ్మ కాస్త వెనకబడినా గుట్టు రట్టే. కళ్లు ఒకటి, చెవి ఒకటి చెబితే కడుపులో తిప్పడం మొదలవుతుంది.

అందుకే బొమ్మను అప్పటికప్పుడు కంప్యూటర్‌తో గీయించే పద్ధతి మీద నాకు చాలా ఆశ ఉంది. 2019లో వచ్చిన డిస్నీ రైడ్ ‘స్మగ్లర్స్ రన్’లో ఆరుగురు కూర్చుని అంతరిక్ష నౌకను నడుపుతారు. పైలట్ చెయ్యి కదిలితే దృశ్యం మారుతుంది. ముందే తీసిన సినిమాకు ఇది సాధ్యం కాదు. అయితే వెనక కూర్చున్నవాళ్ల బటన్లు పక్క గోడల మీద ఉన్నాయి. చేతికి పని దొరికింది, చూపు మాత్రం ఆకాశం మీంచి పక్కకు పోయింది. ఆ బటన్లు చూపు తిప్పకుండా చేతికి అందేలా ఉండాల్సింది.

పెద్ద తెరకు ఇంకో చిక్కుంది. ప్రపంచం మీదుగా ఎగురుతున్నట్టు చూపించే డిస్నీ రైడ్ ‘సోరిన్ అరౌండ్ ద వరల్డ్’లో వరుసకు రెండు పక్కలా చివరి సీట్లలో కూర్చున్నవాళ్లకు ఈఫిల్ టవర్ వంగి కనిపిస్తుంది. గుండ్రటి తెర మీద బొమ్మ మధ్య సీట్లకే సరిగ్గా కుదురుతుంది. ఒక్కొక్కరికీ విడిగా, కళ్ల ముందే తెర ఉండే హెడ్‌సెట్ పెడితే ఇది తీరుతుంది. కానీ ప్రతి మనిషికీ దాన్ని తుడిచి, బిగించి పంపేసరికి క్యూ పెరిగిపోతుంది, పక్కనున్న బిడ్డ మొహమూ కనిపించదు. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ 2016లో ఒక రోలర్ కోస్టర్‌కు వాటిని పెట్టి, కొన్నేళ్లకే తీసేసింది. జపాన్ యూనివర్సల్ పార్కులో 2021లో వచ్చిన మారియో కార్ట్ రైడ్‌ది నాకు మెరుగైన దారి అనిపిస్తుంది. అక్కడ కళ్ల ముందు పెట్టుకునే అద్దాల్లోంచి చుట్టూ ఉన్న నిజం సెట్టింగూ, దాని మీద బొమ్మలూ కలిసి కనిపిస్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన మాత్రం తెరకు సంబంధించింది కాదు. ఫ్లోరిడాలో 2017లో మొదలైన డిస్నీ రైడ్ ‘ఫ్లైట్ ఆఫ్ పాసేజ్’లో మోటార్‌సైకిల్ మీద కూర్చున్నట్టు కూర్చుంటారు. కాళ్ల మధ్య సీటు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, ఎక్కింది ఊపిరి పీలుస్తున్న జీవి మీద అన్నట్టు. రేపు అదే సీటు మనిషి పట్టును గమనించి, మనం భయంతో గట్టిగా పట్టుకున్న క్షణంలో ఆ ఊపిరి వేగం పెంచగలిగితే, తెర ఎంత పెద్దదని ఎవరూ అడగరు.