లంగరు దీపాలు కనిపించే ఊళ్లో నౌకావృత్తుల సంఘం: ఒక వాదోపవాదం

కాకినాడలో రాత్రిపూట తీరాన నిలబడితే, రేవుకు దూరంగా లంగరు వేసిన ఓడల దీపాలు కనిపిస్తాయి. బియ్యం బస్తాలను బార్జీలు అక్కడికే మోసుకుపోతాయి. ఆ దీపాలను చూస్తూ పెరిగిన పిల్లలు చదివే ఒక జూనియర్ కళాశాలలో, నౌకావృత్తులపై ఆసక్తి ఉన్న విద్యార్థులకు ఒక సంఘం పెట్టాలని భౌతికశాస్త్రం బోధించే అధ్యాపకురాలు ప్రతిపాదించారనీ, పదవీ విరమణకు దగ్గరపడిన లెక్కల మాస్టారు అడ్డుపడ్డారనీ అనుకుందాం. నా మొగ్గు అధ్యాపకురాలి వైపే. అయితే మాస్టారి మాటల్లో కొట్టిపారేయలేనివి ఉన్నాయి కనుక వాటి పదును తగ్గించకుండానే రాస్తున్నాను.

మాస్టారు: అమ్మా, మీ ఉత్సాహాన్ని తప్పుపట్టను. కానీ ఇంటర్ రెండేళ్లలో ఎంపీసీ పిల్లవాడికి ఊపిరాడని చదువు. అందులో నుంచి వారానికి ఒక గంట తీసి ఓడల కబుర్లకు ఇమ్మంటున్నారు. వంద మందిలో ఓడ ఎక్కేది ఎందరు?

అధ్యాపకురాలు: ఎక్కేది కొద్దిమందే కావచ్చు, మాస్టారూ. కానీ ఎక్కాలనుకుని దారి తెలియక తిరిగేవారు అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. ఈ ఊళ్లో నేవీ అంటే యుద్ధనౌకలా, సరుకు ఓడలా అన్న తేడా తెలియని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఓడ నడపడం నేర్పే నాటికల్ సైన్స్‌కో, ఓడ ఇంజన్ల చదువు మెరైన్ ఇంజనీరింగ్‌కో వెళ్లాలంటే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాయాలనీ, ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 60 శాతం, పదిలోనో ఇంటర్‌లోనో ఇంగ్లీషులో 50 శాతం రావాలనీ రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయాక తెలిస్తే ఏం లాభం?

మాస్టారు: అది చెప్పడానికి నోటీసు బోర్డు చాలు. సంఘం అంటే వేరు. సంఘం పెట్టిన మర్నాడే ఏజెంట్లు గేటు దగ్గర నిలబడతారు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. వాళ్ల నాన్న అర ఎకరం అమ్మి ఒక ఏజెంటు చేతిలో డబ్బు పోశాడు. చేతికి ఒక కాగితం ఇచ్చి, ఎవరి జెండానో కట్టుకున్న ఒక పాత ఓడ ఎక్కించారు. ఏడు నెలలు జీతం లేదు. యజమాని ఫోన్ ఎత్తడం మానేశాడు. ఓడ ఒక పరాయి రేవు బయట లంగరు మీద ఉండిపోయింది. తాగే నీళ్లు కొలిచి పోసుకున్నామని వచ్చాక చెప్పాడు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. వాడి ముఖం నా కళ్ల ముందు ఉండగా, ఇంకో నలభై మందిని ఆ దారిలో పంపే పనికి నేను సంతకం పెట్టలేను.

అధ్యాపకురాలు: ఆ కుర్రవాడికి మనం అప్పుడు ఏం చెప్పి ఉండాల్సింది?

మాస్టారు: వెళ్లవద్దని చెప్పి ఉండాల్సింది.

అధ్యాపకురాలు: వెళ్లవద్దంటే ఆగేవాడా? అర ఎకరం అమ్మిన ఇంటికి ‘వద్దు’ అన్న మాట సరిపోదు, మాస్టారూ. మన దేశంలో నావికులను ఓడలకు పంపే సంస్థకు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. దాన్నే ఆర్‌పీఎస్‌ఎల్ అంటారు. ఆ నంబరు నిజమో కాదో డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అలాంటి సంస్థ ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మన నిబంధనలూ, 2015లో మన దేశం ఆమోదించిన అంతర్జాతీయ నౌకా కార్మిక ఒప్పందమూ చెప్పేది అదే. అంటే ఏజెంటు డబ్బు అడిగిన క్షణమే ఆ కుర్రవాడు లేచి వచ్చేయాల్సింది. ఆ ఒక్క మాట చెప్పేవారు లేక అర ఎకరం పోయింది. ఏజెంటు గేటు దగ్గరికి మన సంఘం కోసం ఎదురుచూసి రాడు, ఎప్పుడో వచ్చేశాడు. తరగతి గదిలో లేనిది మనమే.

(ఇక్కడ మాస్టారు ప్రతిపాదన కాగితం చేతిలోకి తీసుకుని, అందులో ఒక మాట కింద వేలు పెట్టారు. వాదం కాసేపు ఆ మాట చుట్టూ తిరిగింది.)

మాస్టారు: ‘అధికారులుగా గానీ, కళాసీలుగా గానీ’ అని రాశారు. ఈ కళాసీ అన్న మాట ఎందుకు రాశారు?

అధ్యాపకురాలు: అధికారి కాని నావికుణ్ణి రేటింగ్ అంటారు. ఆ మాట తల్లిదండ్రులకు తెలియదు. కళాసీ అంటే తెలుస్తుంది.

మాస్టారు: తెలుస్తుంది కనుకే అడుగుతున్నాను. మా నాన్న ఈ రేవులోనే బార్జీ మీద కళాసీ. తాడు లాగి లాగి ఆయన అరచేయి పూర్తిగా చాచుకునేది కాదు. అన్నం ముద్ద కూడా సగం మూసిన చేత్తోనే తినేవాడు. ఆ మాట మా ఇంట్లో మళ్లీ వినిపించకూడదనే నన్ను లెక్కలు చదివించాడు. మీరు దాన్ని కళాశాల కాగితం మీద ఎక్కించారు.

అధ్యాపకురాలు: నేను చిన్నచూపుతో రాయలేదు, మాస్టారూ. మీ నాన్నగారి పని తక్కువదని నేను ఎన్నడూ అనుకోను.

మాస్టారు: పని తక్కువదని నేనూ అనను. కానీ ఒక లెక్క చెబుతాను, వినండి. డెక్ క్యాడెట్, అంటే ఓడ నడిపే అధికారిగా శిక్షణ పొందేవాడు, కావాలంటే ఏడాది శిక్షణకు లక్షల్లో ఫీజు. ఆ తరువాత పద్దెనిమిది నెలలు సముద్రం మీద పనిచేస్తేనే సెకండ్ మేట్ అనే అధికారి పరీక్షకు అర్హత. కోర్సు అయ్యాక తన ఓడ మీద తీసుకుంటామనే కంపెనీ స్పాన్సర్‌షిప్ దొరకని పిల్లవాడు ఫీజు కట్టి, కోర్సు పూర్తి చేసి, ఓడ మీద శిక్షణకు చోటు, అంటే క్యాడెట్ బెర్త్ కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. కాబట్టి డబ్బున్నవాడి కొడుకు అధికారి అవుతాడు, మత్స్యకారుడి కొడుకు పదో తరగతి మార్కులతో ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు చేసి తాడు పట్టుకుంటాడు. మీ సంఘం ఒకే గదిలో ఇద్దరినీ కూర్చోబెట్టి రెండు మెట్లు చూపిస్తుంది. కాదనగలరా?

అధ్యాపకురాలు: కాదనలేను. ఆ మాట తీసేస్తాను. కానీ మాట తీసేస్తే తేడా పోదని మీకూ తెలుసు. అందుకే ఫీజు ఎంత, బెర్త్ దొరకడం ఎంత కష్టం అన్నవి మొదటి వారమే చెప్పాలంటున్నాను. స్పాన్సర్‌షిప్ చేతికి రాకుండా అప్పు చేయవద్దని ఆ ఇళ్లకు చెప్పేవారు మనం తప్ప ఎవరున్నారు?

ఇంకొకటి వినండి. పోయిన ఏడాది నా విద్యార్థి ఒకడు ప్రవేశ పరీక్షకు ఏడాదంతా చదివాడు. రాశాడు, గట్టెక్కాడు. వైద్య పరీక్షలో రంగు చుక్కల పుస్తకం తెరిచి ముందు పెట్టారు. మామూలు చూపు ఉన్నవారికి ఆ చుక్కల మధ్య 74 కనిపిస్తుంది. వాడు నమ్మకంగా 21 అని చదివాడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదని ఆ రోజు దాకా వాడికే తెలియదు. రాత్రిపూట ఎదుటి ఓడ ఎడమ పక్కన ఎర్రదీపం, కుడి పక్కన ఆకుపచ్చ దీపం ఉంటాయి. ఏ రంగు కనిపిస్తోందన్న దాన్ని బట్టే అది ఎటు పోతోందో తెలుసుకోవాలి. కాబట్టి ఆ నియమం న్యాయమైనదే. కానీ ఆ పరీక్ష మొదటి సంవత్సరం జూలైలో చేయించి ఉంటే వాడికి ఏడాది మిగిలేది. ఓడ ఎక్కలేనివాడికి ఓడలను రూపకల్పన చేసే చదువు విశాఖలోనే ఉందని చెప్పి ఉండేదాన్ని. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకే అక్కడున్న క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ చెబుతారు. 1948లో ‘జల ఉష’ అనే ఓడ నీటిలోకి దిగిన నౌకా నిర్మాణ కేంద్రం కూడా ఆ ఊళ్లోనే ఉంది. సముద్రం అంటే ఓడ మీది పని ఒక్కటే కాదని పిల్లలకు ఎవరు చెప్పాలి?

మాస్టారు: ఆడపిల్లలనూ చేర్చుకుంటారా?

అధ్యాపకురాలు: తప్పకుండా. 2015లో ఒడిశా తీరానికి దగ్గరలో ఇంజను చెడి, లంగరు పోయి కొట్టుకుపోతున్న ‘దుర్గమ్మ’ అనే చేపల పడవ నుంచి ఏడుగురిని కాపాడిన చమురు ఓడకు కెప్టెన్ ఒక మహిళ, రాధికా మీనన్. తిండీ నీళ్లూ కొట్టుకుపోయి, చేపల కోసం తెచ్చుకున్న మంచుగడ్డలే ఆ ఏడుగురికి ఆధారమయ్యాయి. మూడు ప్రయత్నాల మీద వాళ్లను పైకి చేర్చారు. సముద్రంలో సాహసానికి అంతర్జాతీయ నౌకా సంస్థ ఇచ్చే పురస్కారం అందుకున్న తొలి మహిళ ఆమే. ఈ సంగతి మన ఆడపిల్లలు వినాలి.

మాస్టారు: వినాలి. దాంతోపాటు 2023 నవంబరులో ఎర్రసముద్రంలో ‘గెలాక్సీ లీడర్’ ఓడతో పాటు పట్టుబడిన పాతికమంది నావికులు 2025 జనవరి దాకా బందీలుగా ఉన్నారని కూడా వినాలి. రెండోది చెప్పకుండా మొదటిదే చెబితే మీకూ ఏజెంటుకూ తేడా ఉండదు.

అధ్యాపకురాలు: రెండూ చెబుతాను. అదే వారం, అదే గదిలో.

మాస్టారు: అయితే నా షరతులు రాసుకోండి. ఏ శిక్షణ సంస్థ ప్రతినిధీ, ఏ ఏజెంటూ ఈ గడప తొక్కకూడదు. కరపత్రం ఒక్కటి కూడా పంచకూడదు. చేరిన ప్రతి పిల్లవాడికీ కంటి పరీక్ష ముందు, మిగతావన్నీ తరువాత.

అధ్యాపకురాలు: రాసుకున్నాను. నాదీ ఒక కోరిక ఉంది. మొదటి సమావేశంలో మాట్లాడటానికి ఆటో నడుపుతున్న మీ శిష్యుణ్ణి పిలవగలరా?

మాస్టారు: (కొంతసేపు ఆగి) అడుగుతాను. వస్తాడని మాట ఇవ్వలేను. ఆ ఏడు నెలల గురించి వాడు నాతో మాట్లాడింది ఒక్కసారే, అదీ చీకటిపడ్డాక. శనివారం సాయంత్రం అంటారా?

అధ్యాపకురాలు: శనివారం, చివరి పీరియడ్ తరువాత, ఫిజిక్స్ ల్యాబ్‌లో. కంటి పరీక్ష పుస్తకం అప్పటికి తెప్పిస్తాను.

మాస్టారు: ఆ కాగితం ఇటు ఇవ్వండి. సంతకానికి ముందు ఆ మాట నేనే కొట్టేస్తాను.