స్త్రీ జనోద్ధరణకు ఒక బకెట్ మైదా జిగురు

సంఘ సంస్కరణ చరిత్ర రాసినవాళ్ళందరూ కలిసి ఒక మనిషికి తీరని అన్యాయం చేశారు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఒక చేతిలో మైదా జిగురు బకెట్, ఇంకో చేతిలో బ్రష్, చంకలో పోస్టర్ల చుట్ట. తెల్లారేసరికి ఊళ్ళో గోడ గోడకీ ఒక కొత్త అభిప్రాయం అంటించి వెళ్ళిపోయేవాడు. మహనీయులకు విగ్రహాలు పెట్టిన ఏ కూడలిలోనూ ఈయనకు విగ్రహం లేదు. ఉన్న విగ్రహాల దిమ్మెల మీద మాత్రం ఆయన పనితనం కనిపిస్తూనే ఉంటుంది.

ఆ లోటు తీర్చాలనే, యుద్ధకాలపు పోస్టర్లు ఆడవాళ్ళను ఎలా ఉద్ధరించాయో చెప్పే ఈ వ్యాసం.

మన కందుకూరి వీరేశలింగం గారినే చూడండి. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించడానికి ఎన్ని తిట్లు తిన్నారు, ఎన్ని వెలి బెదిరింపులు భరించారు! ఉపన్యాసాలిచ్చారు, పత్రికలు నడిపారు, శాస్త్రాలు తిరగేసి శ్లోకాలు చూపించారు. అంత కష్టపడనక్కర్లేదని పాపం ఆయనకు తెలియలేదు. ఆడవాళ్ళ విలువ ప్రభుత్వానికి అర్థం కావాలంటే ముందు ఒక ప్రపంచయుద్ధం రావాలి.

బ్రిటన్‌లో అదే జరిగింది. అక్కడి ఆడవాళ్ళు ఓటు కావాలని సుమారు 1,500 సంతకాలతో పార్లమెంటుకు పెద్ద అర్జీ పెట్టుకున్నది 1866లో. ఆ తర్వాత 48 ఏళ్ళు అడుగుతూనే ఉన్నారు. మర్యాదగా అడిగితే నవ్వారు. గట్టిగా అడిగితే జైల్లో వేశారు. జైల్లో అన్నం మానేస్తే గొట్టాలు దోపి తాగించారు. 1913లో ఇంకో మెట్టెక్కి, నిరాహారదీక్షతో నీరసించినవాళ్ళను వదిలేసి, కాస్త కోలుకోగానే మళ్ళీ పట్టుకెళ్ళే చట్టం చేశారు. జనం దాన్ని పిల్లీ ఎలుకా చట్టం అన్నారు. ఆడవాళ్ళు సున్నితమైనవాళ్ళు, యుద్ధం చెయ్యలేరు, కాబట్టి రాజ్యం సంగతి వాళ్ళకెందుకు అన్నది అప్పటి పెద్దల వాదన.

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. జైల్లో ఉన్న ఆడవాళ్ళను వదిలేశారు. 48 ఏళ్ళు పిలిస్తే పలకని ప్రభుత్వం ఇప్పుడు గోడెక్కి మరీ పలకరించడం మొదలుపెట్టింది.

ఎందుకంటే అప్పటికి బ్రిటన్‌లో నిర్బంధ సైనిక చట్టం లేదు. అది వచ్చింది 1916లో. అందాకా మగవాడు తనంతట తాను బయల్దేరాలి. మగవాడు తనంతట తాను మంచినీళ్ళు కూడా తెచ్చుకోడన్న సంగతి ఏ దేశపు ప్రభుత్వానికైనా తెలుసు. అంచేత వెనక నుంచి తోసే చెయ్యి ఒకటి కావలసి వచ్చింది.

1915లో ఇ. జె. కీలీ గీసిన పోస్టర్‌లో ఆ చెయ్యి దొరికింది. కిటికీ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళను అంటిపెట్టుకుని ఒక పిల్లాడు. బయట సైనికులు వరసకట్టి వెళ్ళిపోతున్నారు. దాని మీద పెద్ద అక్షరాలు: బ్రిటన్ స్త్రీలు అంటున్నారు, ‘వెళ్ళు!’ అని. ఓటు విషయంలో స్త్రీలు ఏమంటున్నారో అరశతాబ్దం పాటు వినపడని చెవులకు ఇది మాత్రం ఎంత స్పష్టంగా వినపడిందో చూడండి. వాళ్ళు నోరు తెరవకముందే వినపడింది.

నాకు మరీ నచ్చింది అదే ఏడాది లండన్ యువతుల కోసం వేసిన పోస్టర్. బొమ్మ లేదు, ఒట్టి అక్షరాలే. మీ అబ్బాయి ఖాకీ వేసుకున్నాడా, లేకపోతే వేసుకోవాలని మీకనిపించట్లేదా అని మొదలవుతుంది. మీ కోసం, దేశం కోసం పోరాడాలని అనుకోనివాడు మీకు తగినవాడేనా అని అడుగుతుంది. అసలు దెబ్బ చివర్లో ఉంది. రాజు పట్లా దేశం పట్లా తన బాధ్యత మరిచినవాడు రేపు మిమ్మల్నీ మరిచిపోవచ్చు, ఆలోచించుకోండి అంటుంది.

మన పెళ్ళిళ్ళ పేరయ్య జీతం చూస్తాడు, పొలం చూస్తాడు, జాతకం చూస్తాడు, అబ్బాయికి సిగరెట్ అలవాటుందో లేదో పక్కింట్లో కనుక్కుంటాడు. కానీ ఈ పాయింటు మాత్రం ఆయనకెప్పుడూ తట్టలేదు. ఒక సామ్రాజ్యం పనిగట్టుకుని పేరయ్య అవతారం ఎత్తి, ‘అమ్మాయ్, ఈ సంబంధం నీకొద్దు’ అని చెప్పడం స్త్రీ స్వేచ్ఛకు సంబంధించి ఎంత గొప్ప ముందడుగు! వరుణ్ణి కాదనే హక్కు ఆడపిల్లకుందని రాజముద్ర పడినట్టే కదా. ఖాకీ వేసుకుని వెళ్ళినవాడు తిరిగి రాకపోతే ఏమిటన్న ధర్మసందేహం కొందరికి రావచ్చు. అది మరిచిపోవడం కిందికి రాదు. ఆ ఖాతా వేరు.

పోస్టర్‌కు చేతులుండవు కాబట్టి ఆ కొరత తీర్చడానికి ఒక రిటైర్డ్ అడ్మిరల్ ముందుకొచ్చాడు. చార్లెస్ పెన్రోజ్ ఫిట్జ్‌జెరాల్డ్ అని. 1914 ఆగస్టు 30న ఫోక్‌స్టన్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో 30 మంది ఆడవాళ్ళను కూడగట్టి, యూనిఫాం లేకుండా కనిపించిన మగవాళ్ళకు తెల్ల ఈకలు పంచిపెట్టించాడు. తెల్ల ఈక అంటే పిరికిపంద అని. ఆ సరదా దేశమంతా పాకింది. ఈక ఇచ్చేవాళ్ళకు ఎదుటివాడి సర్వీసు రికార్డు చూసే వీలుండదు కదా, సెలవు మీద ఇంటికొచ్చిన సైనికులకూ ఈకలే, గాయపడి తిరిగొచ్చినవాళ్ళకూ ఈకలే. చివరికి ప్రభుత్వమే తన ఫ్యాక్టరీ పనివాళ్ళకు బ్యాడ్జీలు ఇచ్చుకోవలసి వచ్చింది. 1916లో, దెబ్బలు తగిలి, జబ్బుపడి సైన్యం నుంచి ఇంటికొచ్చినవాళ్ళకు వెండి బ్యాడ్జీలు చేయించింది. మగవాడికి రక్షాబంధనం కట్టాల్సినంత శక్తి స్త్రీకి వచ్చిందంటే, ఇక సాధికారత అంటే ఏమిటి మరి?

తర్వాత ఫిరంగి గుళ్ళకు కొరత వచ్చింది. 1915 వసంతంలో అవి చాలట్లేదని గోల. మందుగుండు శాఖ మంత్రి లాయిడ్ జార్జ్. ఆ జులైలో, ఓటు ఉద్యమం నడిపిన ఎమెలిన్ పాంక్‌హర్స్ట్ నాయకత్వంలో వేలమంది ఆడవాళ్ళు లండన్‌లో ఊరేగింపు తీశారు, మాకు పని ఇవ్వండి అంటూ. ఆ ఊరేగింపు ఖర్చులకు 2,000 పౌండ్లు ఇచ్చింది ప్రభుత్వమే. రెండేళ్ళ కిందట ఇదే పాంక్‌హర్స్ట్‌ను పిల్లీ ఎలుకా ఆట ఆడించిన ప్రభుత్వం. మా ఊళ్ళో దీన్ని బంద్‌కు కలెక్టరే డీజిల్ పోయించడం అంటారు.

గోడ మీదికి కొత్త కాగితం వచ్చింది. ఒకమ్మాయి పని బట్టలేసుకుని జుట్టు మీద టోపీ సర్దుకుంటోంది. వెనకాల సైనికుడు, ఫిరంగి. వాళ్ళ ప్రాణాలు ఈమె మీదే ఆధారపడి ఉన్నాయని రాసి ఉంది. చాలా మంచి బొమ్మ. అమ్మాయి ముఖం తెల్లగా, ఆరోగ్యంగా ఉంటుంది.

అసలు ముఖాలు పసుపుపచ్చగా ఉండేవి. గుళ్ళలో నింపే టీఎన్‌టీ అనే పేలుడు మందు ఒంటికి పట్టి చర్మం రంగు మారిపోయేది, జుట్టు ముందుభాగం ఎర్రబడేది. అందుకని వాళ్ళకు కెనరీ పిట్టలని ముద్దుపేరు పెట్టారు. మన దగ్గర పసుపు రాసుకుంటే సాయంత్రానికి పోతుంది. వీళ్ళకు పసుపు లోపల్నుంచి వచ్చింది. కాలేయం చెడి వందమందికి పైగా చచ్చిపోయారు. 1916 డిసెంబర్ 5 రాత్రి లీడ్స్ దగ్గర బార్న్‌బో ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 35 మంది ఆడవాళ్ళు పోయారు. నైట్ షిఫ్ట్ అది. కొన్ని గంటల్లోనే పని మళ్ళీ మొదలైంది. వార్త మాత్రం బయటికి పొక్కనివ్వలేదు. గోడ మీద అన్నిటికీ చోటుంటుందా?

జీతమా? మగవాడు చేసిన పనే చేస్తే చాలాచోట్ల అతని కూలిలో సగం దగ్గర. అసలు గౌరవం ఇస్తుంటే మధ్యలో డబ్బు మాటెందుకు? లండన్ బస్సుల్లో, ట్రాముల్లో పనిచేసే ఆడవాళ్ళు ఇంత చిన్న సంగతి అర్థం చేసుకోలేక, మగవాళ్ళకిచ్చిన 5 షిల్లింగుల బోనస్ మాకూ ఇవ్వాలని 1918 ఆగస్టులో సమ్మె చేసి మరీ పుచ్చుకున్నారు. వాళ్ళు పోస్టర్లు శ్రద్ధగా చదవలేదని నా అనుమానం.

ఇక్కడ మద్యపానం గురించి ఒక్క మాట. మనం జర్మనీతో, ఆస్ట్రియాతో, తాగుడుతో పోరాడుతున్నామని, ముగ్గురిలో పెద్ద శత్రువు తాగుడేనని లాయిడ్ జార్జ్ 1915లో అన్నాడు. ఐదో జార్జ్ రాజుగారు యుద్ధం అయ్యేదాకా మద్యం ముట్టనన్నారు. ప్రధాని ఆస్క్విత్ గారు రాజుగారి త్యాగాన్ని గౌరవించారు, అనుకరించలేదు. మధ్యాహ్నం పూట పబ్బులు మూసెయ్యాలని నిబంధన వచ్చింది. యుద్ధం కోసం తెచ్చిన ఆ తాత్కాలిక ఏర్పాటు ఇంగ్లండులో 1988 దాకా అలాగే ఉండిపోయింది. యుద్ధం కోసం తెచ్చిన తాత్కాలిక ఏర్పాట్లలో ఆడవాళ్ళ ఉద్యోగాలు కూడా ఒకటి. వాటి సంగతి మాత్రం 1919లోనే తేల్చేశారు. యుద్ధానికి ముందున్న పద్ధతులు పునరుద్ధరించాలని ఏకంగా ఒక చట్టమే చేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనం నోటితో అనే సామెతను పార్లమెంటులో పాస్ చేయించుకున్న జాతి అది. పని పోయినవాళ్ళకు భృతి ఇచ్చారు. ఇళ్ళల్లో పనిమనిషిగా చేరమంటే చేరనన్న ఆడవాళ్ళకు ఆ భృతి కూడా ఆపేశారు.

మరి ఓటు ఇచ్చారు కదా అంటారు. ఇచ్చారు, 1918లో. కాకపోతే 30 ఏళ్ళు నిండాలి, ఆస్తి లెక్కలో తనో మొగుడో పడాలి. మగవాడికి 21 చాలు, యుద్ధానికి వెళ్ళొస్తే 19 చాలు. అంటే గుండు పేల్చిన 19 ఏళ్ళ కుర్రాడికి ఓటు ఉంది. ఆ గుండు నింపి పచ్చబడిన 22 ఏళ్ళ అమ్మాయికి లేదు. అందరికీ 21కే ఇస్తే ఆడ ఓటర్లు మగవాళ్ళను మించిపోతారని భయం. అసలే ఆడవాళ్ళ సంఖ్య ఎక్కువ, యుద్ధంలో లక్షలమంది మగవాళ్ళు పోవడంతో ఇంకా పెరిగింది. అలా పోవడానికి కారకులెవరు? ‘వెళ్ళు’ అన్నది ఎవరు? ఆడవాళ్ళే కదా. పోస్టర్ సాక్ష్యం ఉండనే ఉంది.

సమానంగా ఓటు వచ్చింది 1928లో. ఆ తర్వాత పదకొండేళ్ళకు ఇంకో యుద్ధం, ఇంకో బకెట్ జిగురు.

ఈసారి ప్రభుత్వం బాగా అనుభవం మీద ఉంది. 1941 డిసెంబర్‌లో పెళ్ళికాని 20 నుంచి 30 ఏళ్ళ ఆడవాళ్ళను నిర్బంధంగా పనిలోకి తీసుకునే చట్టం తెచ్చి, ఆ పక్కనే రండి అని పోస్టర్లూ వేయించింది. చెయ్యి పట్టుకుని లాగుతూ దయచేయండి అనడం సంస్కారం ఉన్నవాళ్ళ పద్ధతి. అదే ఏడాది ఏబ్రమ్ గేమ్స్ అనే చిత్రకారుడు మహిళా సైనిక దళం కోసం ఎర్రటి పెదాల అమ్మాయిని గీస్తే, మరీ అందంగా ఉందని అభ్యంతరాలొచ్చి వెనక్కి తీసుకున్నారు. కాగితం మీద మనిషికి కూడా ఉద్యోగం ఊడింది.

నోరు జారొద్దని చెప్పే పోస్టర్లు ఇంకో రకం. ఒకదాంట్లో ముగ్గురు ఆఫీసర్ల మధ్య ఒక సొగసుకత్తె ఒరిగి కూర్చుంటుంది, ఆమె అనుకున్నంత తెలివితక్కువదేం కాదు, జాగ్రత్త అని హెచ్చరిక. ఇంకోదాంట్లో నాన్నలాగా ఉండండి, ‘కీప్ మమ్’ అని. ఆ మాటకు నోరు మూసుకోండి అనీ, అమ్మను పోషించండి అనీ రెండర్థాలు. ఎడిత్ సమ్మర్‌స్కిల్ అనే ఎంపీ ఇది ఆడవాళ్ళకు అవమానమని పార్లమెంటులో అడిగింది. ఫ్యాక్టరీలో పన్నెండు గంటలు నిలబడుతున్న ఆ అమ్మలను ఎవరు పోషిస్తున్నారో జోకు రాసినాయన లెక్కేసుకోలేదు.

లెక్కలంటే గుర్తొచ్చింది. బాంబు దాడిలో గాయపడ్డ పౌరులకు పరిహారం ఇవ్వడానికి 1939లో పథకం పెట్టారు. ఒకే బాంబు, ఒకే వీధి, ఒకే కాలు విరిగింది. మగ కాలైతే ఒక రేటు, ఆడ కాలైతే వారానికి 7 షిల్లింగులు తక్కువ. దీన్ని మార్పించడానికి మహిళా ఎంపీలు 1943 దాకా పోరాడాల్సి వచ్చింది. హిట్లర్‌ను ఎన్ని తిట్టినా ఒక్క విషయంలో మెచ్చుకోవాలి, ఆయన బాంబులకు ఈ తేడా తెలియదు.

1944 మార్చి 28న ఇంకో వింత జరిగింది. టీచరమ్మలకు మగ టీచర్లతో సమానంగా జీతం ఇవ్వాలన్న సవరణ పార్లమెంటులో 117కు 116 ఓట్లతో, ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో, నెగ్గింది. డంకర్క్ పరాజయం చూసి చలించని, సింగపూర్ పోతే తట్టుకున్న చర్చిల్ గారు దీనికి మాత్రం కదిలిపోయారు. ఆ సవరణ తీసేస్తారా, నన్ను దించేస్తారా తేల్చుకోండి అని విశ్వాస పరీక్ష పెట్టారు. రెండు రోజుల్లో 425కు 23తో సభ తన తప్పు దిద్దుకుంది. యుద్ధకాలంలో ఆయన ప్రభుత్వం పార్లమెంటులో ఓడింది ఆ ఒక్కసారే. జర్మన్లు ఐదేళ్ళు కష్టపడి చెయ్యలేని పని టీచరమ్మల జీతం చేసింది. సమాన జీతం చట్టం వచ్చింది 1970లో, అమలైంది 1975 చివర్లో.

అన్నట్టు, మార్చి 8న మన ఆఫీసుల్లో గులాబీతో పాటు పంచే కాఫీ కప్పు మీద ఒక బొమ్మ ఉంటుంది చూడండి, తెల్ల చుక్కల ఎర్ర తలగుడ్డ కట్టుకుని చెయ్యి మడిచి కండ చూపించే అమ్మాయి. అది జె. హోవార్డ్ మిల్లర్ గీసింది. 1943 ఫిబ్రవరిలో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ అనే కంపెనీ ఫ్యాక్టరీల లోపల రెండు వారాలు అంటించారు, తీసేశారు. బుద్ధిగా పనిచెయ్యండి, సెలవులు పెట్టకండి అని చెప్పే రకం కాగితాల్లో అదొకటి. నలభై ఏళ్ళ తర్వాత ఎవరో బయటికి తీస్తే స్త్రీవాదానికి జెండా అయింది. మేనేజ్‌మెంట్ నోటీసు బోర్డుకు అంతకంటే మోక్షం ఏముంటుంది?

నా గది గోడకు మాత్రం వేరే పోస్టర్ ఉంది, 1915లో సావిల్ లమ్లీ గీసింది. యుద్ధం అయిపోయాక ఒక ఇల్లు. నాన్న పడక కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు కింద బొమ్మ సైనికులతో ఆడుకుంటున్నాడు. కూతురు నాన్న ఒళ్ళో కూర్చుని పుస్తకం చూపిస్తూ అడుగుతోంది, నాన్నా, మహాయుద్ధంలో నువ్వేం చేశావు అని. నాన్న సమాధానం చెప్పలేక మన వైపు చూస్తున్నాడు.

అమ్మ ఎక్కడా లేదు. కర్టెన్ల వెనకా, కుర్చీ వెనకా అంతా వెతికాను. ఆ ప్రశ్న ఆమెను అడిగే పోస్టర్ ఎవరూ వెయ్యలేదు కాబట్టి ఆ లోటు కూడా నేనే తీరుద్దామని కూర్చున్నాను. కూతురు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడుగుతుంది. అమ్మ చేతులు తుడుచుకుంటుంది, తుడిచినా పోని పసుపు. ‘గుళ్ళు నింపానే. తర్వాత ఇంటికి పొమ్మన్నారు.’

‘మరి ఓటు?’

‘నాకింకా ఇరవై ఎనిమిదేగా.’