తేడా డబ్బు ఎంతని అడగాలి?

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ అనుకుందాం. మిరపకాయల్లో తాలు, అంటే రంగు పోయిన కాయలు, ఏరడానికి మగవాళ్లకు రోజుకు 600, ఆడవాళ్లకు 450. ఆ తేడా ఇప్పించమని నలభై మంది ఆడకూలీలు దావా వేయబోతున్నారు. యూనియన్‌లో తిరిగే అమ్మాయి, పద్దులు రాసి రిటైరైన ఆమె బాబాయి లెక్కకు కూర్చున్నారు.

అమ్మాయి: రోజుకు 150 తేడా, సీజన్‌లో వంద రోజులు. మూడేళ్లకు మనిషికి 45,000. నలభై మందికి 18 లక్షలు బాబాయ్.

బాబాయి: వంద రోజులూ అందరూ వచ్చారా అమ్మా? పిల్లాడికి జ్వరమని మానినవాళ్లు లేరూ? పైగా మగాళ్లు టిక్కీలు, మిరప బస్తాలు మోస్తారు.

అమ్మాయి: మోసేది ముఠా హమాలీలు. వాళ్ల రేటు నేను అడగట్లేదు. ఒకే కుప్పకు అటూ ఇటూ కూర్చుని ఏరేవాళ్లతోనే పోలిక. సాయంత్రానికి ఇద్దరి వేళ్లూ ఒకేలా మండుతాయి. కొబ్బరినూనె రాసుకున్నా, ఆ చేత్తో చంటిపిల్ల మొహం తుడవాలంటే తల్లికి భయం.

బాబాయి: ఆ మంట నాకూ తెలుసు. యజమాని అంత ఇచ్చుకోలేనంటే?

అమ్మాయి: ఆ సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది, స్టెనోగ్రాఫర్ ఆడ్రే డికోస్టా కేసులో. అప్పుడున్నది 1976 నాటి సమాన వేతన చట్టం, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం, వేతనాల కోడ్. సమానం చేస్తున్నామని మగాళ్ల కూలి తగ్గించడానికీ వీల్లేదు.

బాబాయి: నా టెన్షన్ అది కాదు. మస్టర్‌లో, అదే హాజరు పుస్తకంలో, సగం రోజులు లేవు. రాని రోజుకు వచ్చినట్టు లెక్క చూపామని ఒక్కామె విషయంలో తేలినా, నలభై మంది మాటా నమ్మరు. రుజువున్న రోజులకే లెక్క కట్టు. తొమ్మిది లక్షలైనా త్వరగా చేతికొస్తాయి.

అమ్మాయి: మస్టర్ రాయాల్సింది ఎవరు? రాయనిది వాళ్లు, కూలి పోగొట్టుకునేది వీళ్లా? పూర్తిగా ఇచ్చామని చూపించే భారం యజమానిదేనని కోడ్‌లో ఉంది. బాకీ మీద పది రెట్ల దాకా పరిహారం వేయొచ్చనీ ఉంది. అది అధికారి నిర్ణయం కాబట్టి నేను కలపలేదు.

బాబాయి: కలపకపోవడమే మంచిది. మూడేళ్ల గడువు మాత్రం మర్చిపోకు. నువ్వు ఆలస్యం చేసేకొద్దీ పాత రోజులు రాలిపోతాయి.

అమ్మాయి: అందుకే ఇల్లిల్లూ తిరుగుతున్నా. ఒకామె గోడ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే పనికెళ్లిన రోజులకు సున్నా చుట్టింది. మూడేళ్లవీ పెట్టెలో దాచింది.

బాబాయి: మూడూనా? పట్టుకురా. ఆమె పక్కన కూర్చున్నవాళ్లకూ అదే ఆనవాలు. తేలని రోజులు మాత్రం వేరే కాలమ్‌లో రాయి.

అమ్మాయి: వేరే రాస్తాను. కొట్టెయ్యను.