పిల్లిపెసర విత్తని ఊళ్లో ఒంగోలు ఆవు ఏం తిని బతకాలి?

ఈ వారంలో ఆ ఫోటో నాకు పదిమందైనా పంపి ఉంటారు. బ్రెజిల్‌లోని వయాటినా-19 అనే ఆవుది. 2023లో దానిలో మూడో వంతు వాటాను వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. మన ఒంగోలు జాతినే అక్కడ నెలోర్ అంటారు. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది కాబట్టి ఆ పేరులో వింత లేదు. ఫోటో కింద అందరిదీ ఒకటే మాట, "మన గర్వం". గర్వపడండి, కాదనను. మీలో ఎందరి ఇంట్లో పలుపుతాడు ఉంది?

మాది గుండ్లకమ్మ పక్క ఊరు. కొట్టంలో నాలుగు పశువులున్నాయి. మార్గశిరంలో గౌరి ఈనింది. దూడ నేలమీద పడగానే గౌరి నాకడం మొదలుపెట్టింది. చీకట్లో ఆ నాలుక గరగర తప్ప మరో చప్పుడు లేదు. దూడకు ఒళ్లంతా ఎర్ర ఛాయ, కళ్లచుట్టూ కాటుక దిద్దినట్టు నలుపు. నాన్న గిట్టల మెత్తని కొసలు గిల్లి, మాయ పడేదాకా గోనెపట్టా మీద అక్కడే కూర్చున్నాడు.

ఇంత చేసినా వాటికి మేత లేదు. పూర్వం వరి కోసిన చేలో తడి ఆరకముందే పిల్లిపెసర, జనుము చల్లేవాళ్లు. అది మేసిన గిత్త ఒళ్లు నిగనిగలాడేది, చేనుకూ సత్తువ వచ్చేది. ఇప్పుడు ఎటు చూసినా జామాయిల్, సుబాబుల్ తోటలే. ఊరి పశువుల బీడు ఎవరి కంచెలోకి పోయిందో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. కోత మిషను దిగాక వరిగడ్డి సగం చేలోనే నలిగిపోతోంది.

"పాలెన్ని ఇస్తుంది?" అని అడుగుతారు. జెర్సీతో పోలిస్తే తక్కువే. కానీ రోహిణి కార్తె ఎండలో నిలబడే ఒళ్లు దీనిది. బ్రెజిల్ వాళ్లు సముద్రాలు దాటించి తీసుకెళ్లింది ఆ ఒంటి కోసమే. చదలవాడలో, చింతలదేవిలో సర్కారు పశు క్షేత్రాలు ఉన్నాయి, సంతోషం. క్షేత్రంలో పది బాగుంటే జాతి నిలబడదు, రైతు కొట్టంలో ఉండాలి. అందుకు మేత విత్తనం ఊరికి రావాలి, బీడు పశువులకు తిరిగి రావాలి.

సంక్రాంతికి ముందు బేరగాడు వచ్చి గిత్తలకు ధర చెప్పి వెళ్లాడు. నాన్న అవుననలేదు, కాదనలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, "మినుము మానేద్దాం" అన్నాడు. అరెకరంలో పిల్లిపెసర చల్లుతున్నాం. మంచి విత్తనం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, ఎంత దూరమైనా వస్తాను.