ఫోన్ నంబర్ ఎగిరిపోయే వెబ్‌సైట్ ఎవరికి కావాలి?

ఈ వారంలో అదే మెసేజ్ నాకు ఐదోసారి వచ్చింది. మొదట అపార్ట్‌మెంట్ గ్రూపులో, తర్వాత కాలేజీ బ్యాచ్ గ్రూపులో, చివరికి మా బావ కూడా పంపాడు. "సాదా వెబ్‌సైట్ ఉంటే మీ కొట్టు మూసుకున్నట్టే" అని మొదలవుతుంది. కింద ఐదు పాయింట్లు. సాదా డిజైన్ పాతబడిపోయింది. పెద్ద కంపెనీలన్నీ యానిమేషనే వాడుతున్నాయి. కదిలే సైట్లనే గూగుల్ పైన చూపిస్తుంది. యానిమేషన్ ఉంటే కస్టమర్ ఎక్కువసేపు ఉంటాడు, ఉంటే కొంటాడు. అందరికీ 5జీ ఉంది కాబట్టి లోడింగ్ గురించి టెన్షన్ వద్దు, ఆ కాసేపూ మీ లోగో తిప్పి చూపించండి.

విశాఖలో పన్నెండేళ్లుగా చిన్న షాపులకు సైట్లు చేసి బతుకుతున్నవాణ్ణి. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

పాతబడటం సంగతి ముందు. 2000ల మొదట్లో ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన సైట్లు గుర్తున్నాయా? తెరవగానే సంగీతం, ఎగిరే అక్షరాలు, మూలన "స్కిప్ ఇంట్రో" అనే బటన్. జనం ముందు ఆ బటన్ కోసమే వెతికేవారు. 2020 డిసెంబరు 31తో అడోబీ కంపెనీ ఆ ఫ్లాష్‌కు సపోర్ట్ ఆపేసింది. అప్పట్లో వెబ్ పేజీల మూల భాష అయిన మామూలు హెచ్‌టీఎంఎల్‌లో రాసిన పేజీలు మాత్రం ఈ రోజుకీ తెరుచుకుంటున్నాయి.

పెద్ద కంపెనీలంటారా, లక్ష రూపాయల ఫోన్ అమ్మే కంపెనీ సైట్‌కు వచ్చేవాడు ఆ ఫోన్‌ను చూడటానికే వస్తాడు. గాజువాకలో హార్డ్‌వేర్ షాపు సైట్ తెరిచేవాడికి కావలసింది అర అంగుళం పైపు ఉందా, ఆదివారం తెరుస్తారా అన్నదే.

గూగుల్ పాయింట్ అయితే పూర్తిగా అబద్ధం. యానిమేషన్ ఉందని గూగుల్ ఎవరినీ పైకి ఎక్కించదు. వెతికినదానికి సరైన సమాధానం మీ పేజీలో ఉందా అన్నది మొదటి లెక్క. దానితోపాటు పేజీ ఎలా నడుస్తోందో కూడా చూస్తుంది. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనపడాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, చదువుతుండగా పేజీలోని వస్తువులు పక్కకు జరిగిపోకూడదు. ఇవి గూగులే బహిరంగంగా పెట్టిన కొలతలు. బరువైన యానిమేషన్ ఈ మూడింటినీ దెబ్బతీయగలదు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ టూల్ ఉచితం. మీ సైట్ అడ్రస్ అందులో పెట్టి చూడండి, నన్ను నమ్మక్కర్లేదు.

నాకు నిజంగా ఒళ్లు మండేది ఆ 5జీ మాటకే.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒకాయన చిన్న ట్రావెల్స్ నడుపుతాడు. మూడు కార్లు. అరకు, బొర్రా గుహలు, చలికాలంలో లంబసింగి. నాలుగేళ్ల కిందట ఆయనకు ఒకే పేజీ చేసిచ్చాను. పైన ఫోన్ నంబర్, కింద ఏ ఊరికి ఎంతో రేట్లు, రెండు ఫోటోలు. పోయిన ఏడాది సీజన్ ముందు ఇలాంటి మెసేజే చూసి, 40 వేలు పెట్టి ఇంకెవరి చేతో కొత్త సైట్ చేయించుకున్నాడు. డిసెంబరులో నాకు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, సైట్ చూసి వచ్చే ఫోన్లు తగ్గిపోయాయి, ఒకసారి రా" అని.

వెళ్లాను. ఆయన డ్రైవర్ ఫోన్‌లో సైట్ తెరిచాం. అద్దం పగిలిన పాత ఫోన్. తెల్లటి స్క్రీన్ మీద లోగో తిరుగుతోంది. పదకొండు సెకన్లు లెక్కపెట్టాను. తర్వాత పొగమంచు కదిలింది, కారు ఎడమ నుంచి కుడికి వెళ్లింది, బ్యానర్లు ఒకదాని వెనక ఒకటి జరగడం మొదలైంది. నంబర్ మూడో బ్యానర్‌లో ఉంది. అది రాగానే డ్రైవర్ వేలు పెట్టాడు. ఆలోగా బ్యానర్ జరిగిపోయి లంబసింగి ప్యాకేజీ పేజీ తెరుచుకుంది. వెనక్కి వస్తే మళ్లీ లోగో, మళ్లీ పదకొండు సెకన్లు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆయన పని.

ఆయన కస్టమర్ ఎక్కడ ఉంటాడో ఆ మెసేజ్ రాసినవాడు ఒక్కసారైనా ఆలోచించాడా? కిరండూల్ రైల్లో సొరంగాల మధ్య ఉంటాడు. అనంతగిరి ఘాట్ రోడ్డు మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉండగా, పక్కన పిల్లలు వాంతులు చేసుకుంటుంటే కారు కోసం చూస్తుంటాడు. అక్కడ ఏ 5జీ? సరే, 5జీ ఉందనే అనుకుందాం. నెట్‌వర్క్ ఫైల్‌ను త్వరగా తెచ్చిపెడుతుందేగానీ, యానిమేషన్‌ను నడిపే జావాస్క్రిప్ట్ కోడ్‌ను చదివి ఆడించాల్సింది ఫోన్‌లోని ప్రాసెసర్. ఏడెనిమిది వేల ఫోన్‌లో ఆ ప్రాసెసర్ ఎంత లాగుతుంది?

ఎక్కువసేపు ఉంటే కొంటాడట. ఆ రోజు మేం రెండు నిమిషాలకు పైగా ఆ సైట్‌లోనే ఉన్నాం. నంబర్ దొరక్క ఉన్నాం! అది వ్యాపారమా? కస్టమర్‌ను తిప్పలు పెట్టి, ఆ టైమును లాభం కింద రాసుకోమని సలహా ఇవ్వడానికి మనసెలా ఒప్పింది?

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. కదిలే స్క్రీన్ చూస్తే తల తిరిగేవాళ్లు ఉన్నారు. వేగంగా వెలిగి ఆరే వెలుగుతో ఫిట్స్ వచ్చేవాళ్లు ఉన్నారు. అందుకే వెబ్ ప్రమాణాల్లో సెకనుకు మూడుసార్ల కంటే ఎక్కువ ఏదీ మెరవకుండా చూసుకోమని ఉంది. మిగతా విషయాల పక్కనే దానంతటదే మొదలై 5 సెకన్లు దాటి కదిలేదాన్ని ఆపుకునే వీలు ఇవ్వాలని ఉంది. ఫోన్ సెట్టింగుల్లో కదలికలు తగ్గించుకున్నవారికి తగ్గించి చూపించే ఏర్పాటు, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడ్‌లోనే ఉంది. 40 వేలు తీసుకున్నవారు ఆ నాలుగు లైన్లు కూడా రాయలేదు.

అయితే ఆ మెసేజ్‌లో ఒక నిజం ఉంది, ఒప్పుకోవాలి. సాదా పేరుతో మావాళ్లం చేసే చాలా సైట్లు జీవం లేకుండా ఉంటాయి. ఎక్కడివో తెల్లవాళ్లు చేతులు కలుపుతున్న ఫోటోలు, "మా గురించి" కింద ఎవరికీ అక్కరలేని నాలుగు వాక్యాలు. సాదాగా ఉన్నంత మాత్రాన వేగంగా ఉంటుందనీ లేదు. ఫోన్‌తో తీసిన 6 ఎంబీ ఫోటోలను కుదించకుండా పది పెడితే ఆ పేజీ కూడా ఈడ్చుకుంటూనే వస్తుంది.

కదలికతోనే అమ్ముడయ్యే సరుకూ ఉంది. ఏటికొప్పాక బొమ్మలు అమ్మే ఒకావిడకు సైట్ చేసినప్పుడు నేనే వీడియో పెట్టమన్నాను. తిరుగుతున్న అంకుడు కర్ర మీద లక్క నొక్కిపెడితే ఆ రాపిడి వేడికి అది కరిగి రంగు చుట్టూ పరుచుకుంటుంది. ఏ ఫోటో అది చెప్పలేదు. పది సెకన్ల వీడియో, శబ్దం లేదు, నొక్కితేనే ఆడుతుంది. జిఫ్ అనే కదిలే బొమ్మ ఫైల్‌గా పెట్టి ఉంటే దానికి ఎన్నో రెట్లు బరువయ్యేది, అందుకే ఎంపీ4 వీడియో ఫైల్ చేశాం. ధర, వాట్సాప్ బటన్ వీడియోకు పైన విడిగా ఉంటాయి. వీడియో తెరుచుకోకపోయినా ఆర్డర్ ఆగదు.

ట్రావెల్స్ ఆయన సైట్‌ను రెండు రోజుల్లో సరిచేశాం. లోగో తిప్పడం తీసేశాం, బ్యానర్లు తీసేశాం. నంబర్‌ను స్క్రీన్ అడుగున కదలకుండా కట్టేశాం, నొక్కితే నేరుగా కాల్ వెళ్తుంది. అన్నీ అయ్యాక, "ఆ కారు బొమ్మ ఒక్కటి ఉంచు తమ్ముడూ, మా పాపకు ఇష్టం" అన్నాడు. ఉంచాను. పేజీ అంతా వచ్చాక ఒక్కసారి అలా వెళ్లి, రేట్ల పట్టిక పక్కన ఆగిపోతుంది.