పెట్టె మీద వోల్టులు చూసి ఇంపాక్ట్ డ్రైవర్ కొనకండి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెరటి షెడ్డు రేకులు లేచిపోయాయి. ఆ తరువాత రోజుల తరబడి కరెంటు లేకపోవడంతో, ఇంట్లో వైరు డ్రిల్లు ఉండి కూడా ఒక్క రేకు బిగించుకోలేకపోయాము. బ్యాటరీతో నడిచే పనిముట్టు ఇంట్లో ఉండి తీరాలని ఆనాడే నిశ్చయించుకున్నాను కానీ, మొదట కొన్న ఇంపాక్ట్ డ్రైవర్ (దెబ్బలు వేస్తూ స్క్రూలు బిగించే పనిముట్టు) విషయంలో మోసపోయాను.

దాని పెట్టె మీద 48 వోల్టులని పెద్ద అక్షరాలతో ఉంది. ఏడాది తిరగకముందే చార్జింగు నిలవడం మానేసింది. మరమ్మతు చేసే అబ్బాయి బ్యాటరీ విప్పి చూపిస్తే లోపల ఉన్నవి 5 సెల్లులు. ఒక్కో లిథియం అయాన్ సెల్లు 3.6 వోల్టులు కాబట్టి ఐదూ వరుసగా కలిపితే 18 వోల్టులు, నిండుగా చార్జి చేసినప్పుడు సెల్లుకు 4.2 చొప్పున 21. ఇక ఆ 48 ఎక్కడిది? పేరున్న కంపెనీలు 18 అనీ, 20 మ్యాక్స్ అనీ రాసేవి కూడా ఈ ఐదు సెల్లుల బ్యాటరీలే. కష్టార్జితం పెట్టి కొనే వస్తువు మీద లేని అంకె అచ్చువేయడం దగా తప్ప మరొకటి కాదు.

అందుకే ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోండి. అదే బ్యాటరీ రేపు కొనబోయే డ్రిల్లుకు, గ్రైండరుకు సరిపోతుందా, విడిగా ఇంకొకటి మన శ్రీకాకుళంలోనే దొరుకుతుందా అని అడిగిన తరువాతే ధర మాట్లాడండి. టార్క్, అంటే తిప్పే బలం, 150 న్యూటన్ మీటర్లుంటే ఇంటి పనులకు ధారాళం. మోటారు బ్రష్‌లెస్ (లోపల అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు లేనిది) అయితే మరీ మంచిది.

గోడలకు కూడా ఇదే పనికొస్తుందని కొందరు దుకాణదారులు చెబుతారు, నమ్మకండి. స్క్రూ బిగుసుకున్నప్పుడు లోపలి సుత్తి తిరిగే దిశలోనే దెబ్బలు వేస్తుంది, అందుకే మణికట్టు మెలిపడదు. కాంక్రీటుకు కావలసిన ముందుకు గుద్దే దెబ్బ హ్యామర్ డ్రిల్లుది.

రేకుల పనిలో మాత్రం దీనికి సాటి లేదు, వేలు అదుపులో ఉంటే. స్క్రూ తల కింది నల్లటి రబ్బరు వాషరు కొద్దిగా ఉబ్బి, పై ఇనుప వాషరు అంచుకు సమానంగా వచ్చిన క్షణాన ట్రిగ్గర్ వదిలేయాలి. ఇంకో అర సెకను నొక్కితే రబ్బరు చీలుతుంది, వానాకాలంలో ఆ చీలికలోంచే నీళ్లు కారతాయి. మొదటి వరుసలో ఆరు స్క్రూలు అలా పాడుచేసి, మళ్లీ విప్పి బిగించాను. రేకుల మీద ఆ చప్పుడు చెవులు భరించలేవు కాబట్టి దూది కాదు, ఇయర్ ప్లగ్గులే పెట్టుకోండి.

ఇప్పుడు నా దగ్గర 18 వోల్టుల బ్రష్‌లెస్ డ్రైవరు, రెండు బ్యాటరీలు ఉన్నాయి. తుపాను హెచ్చరిక వినగానే ఆ రెండింటినీ చార్జింగుకు పెడతాను.